నాలుగో పేరు

పుస్తకాన్ని అలా బోర్లించకండి బావగారూ. పదహారేళ్ళు పట్టింది దాన్ని రాయడానికి. కప్పు కింద పెట్టుకునే పీట కాదది.

బావగారూ అంటే మొహం అలా పెట్టారేం? మీ ఆవిడ వచ్చి సంబంధం ఖాయమని నా మనవరాలి చెవులకి కమ్మలు పెట్టి నాలుగు నెలలైంది. అవి ఇంకా దాని చెవులకే ఉన్నాయి. ఉన్నంతకాలం మీరు నాకు బావగారే. వాటిని వెనక్కి పట్టుకుపోదామని ఆ గతుకుల రోడ్డు మీద మూడొందల కిలోమీటర్లు నడుంనెప్పితో వచ్చారని తెలుసు. అయినా సరే, బావగారే.

టీ తాగండి. సగం కప్పే పోశాను, కంగారు పడకండి. నిండుగా పోసి ఇక లేవమని చెప్పే ఇల్లు కాదు ఇది. నేనే పోశాను కాబట్టి పాలు కాస్త ఎక్కువయ్యాయి. కోడల్నీ పిల్లనీ దర్జీ దగ్గరికి పంపేశాను, పెళ్ళి గౌను చేతులు సరిచెయ్యాలట. మీరు ఫోనులో గొంతు తగ్గించి "ఒక్కణ్ణే వస్తున్నా" అన్నప్పుడే నాకు అర్థమైంది. ఇల్లు ఖాళీ చేసి కూర్చున్నా.

రొట్టె మాత్రం ముట్టుకోలేదు మీరు. చూస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చిన మనిషి రొట్టె తుంచకుండా లేచిపోతే సంబంధం వద్దన్నట్టేనని ఇద్దరికీ తెలుసు. సరే, ఇప్పుడే తుంచమనను. ముందు నా మాట వినండి, ఆ తర్వాత మీ చెయ్యి ఎటు పోతే అటు పోనివ్వండి.

ఆ కాగితం ముక్క ఏ పేజీలో పెట్టుకొచ్చారో నేను చెప్పనా? మూడో భాగం, ఆఖరి అధ్యాయం. అవునా? నా కర్మ చూడండి. మొదటి భాగం దేశమంతా చదివింది. రెండో భాగం సగం మంది చదివారు. మూడో భాగం కొని అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. దాన్ని చివరి పేజీ దాకా చదివిన మొట్టమొదటి మనిషి మీరే అయ్యారు, అదీ నా మనవరాలి పెళ్ళికి పది రోజుల ముందు. ఇంకెవరైనా అయితే కౌగిలించుకునేవాణ్ణి.

మీరు చెప్పడానికి మొహమాటపడుతున్నది నేనే చెప్పేస్తాను. బొరాన్ వీరుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కరతాయ్. మీరు కరతాయ్ సంతానం. మీ మనవడు దానియర్ నుంచి పైకి లెక్కపెడితే ఆరో తండ్రి బొరాన్. మూడోవాడు ఎసిర్కెప్, ఇల్లు విడిచి ఉత్తరానికి పోయినవాడు. ఆ ఆఖరి అధ్యాయంలో వాడి కొడుకు తొక్తర్, వాడి కొడుకు జుమాన్, జుమాన్ కొడుకు కరువొచ్చిన ఏడాది రైల్వే స్టేషన్లో కూర్చున్న నాలుగేళ్ళ పిల్లాడు. ఇక మా అబ్బాయి నిశ్చితార్థం రోజు మీ అందరి ముందు తన తండ్రుల్ని ఎలా చెప్పాడు? నాన్న సెరాలి, తాత జుమాన్, ముత్తాత తొక్తర్, వాడి తండ్రి ఎసిర్కెప్, ఆ పైన చెప్పేవాళ్ళు కరువులో పోయారు. అంతేగా? ఆ రోజు ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆ పేర్లున్నవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు గనక. పుస్తకం చివరిదాకా చదివాక మీరు కాగితం తీసి లెక్కేశారు. నా మనవరాలు ఐగానిమ్‌కి కూడా ఆరో తండ్రి బొరానే. ఏడు తరాలు దాటలేదు. వాళ్ళిద్దరూ మన లెక్కలో అన్నాచెల్లెళ్ళు.

లెక్క సరిగ్గా చేశారు. నలభై ఏళ్ళు గుర్రాల ఫారంలో ఏ పిల్ల ఏ తల్లికి పుట్టిందో రాసిన మనిషి లెక్క తప్పుతాడా?

ఇంతకుముందు ఎందుకు తెలీలేదు అంటారా? ఇంతకుముందు ఆ అధ్యాయం లేదు కదండీ. డెబ్భై ఎనిమిదిలో మూడో భాగం అచ్చుకి పోయినప్పుడు సెన్సారు ఆఫీసులో ఒకాయన నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. మర్యాదస్తుడు, బిస్కట్లు కూడా పెట్టాడు. "సెరాలీ, మన దేశంలో కరువు రాలేదు కదా, నీ నవల్లో ఎందుకొచ్చింది?" అన్నాడు. నేను ఆ బిస్కట్టు నములుతూ ఉన్నాను. నమిలి మింగి, "రాలేదా? అయితే నేను ఎందుకంత ఆకలితో ఉన్నానో" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వి అధ్యాయం మొత్తం కొట్టేశాడు. నన్ను ఆరేళ్ళు ఏ పత్రికా వెయ్యలేదు. ఆ ఆరేళ్ళూ బడిపిల్లల పాఠ్యపుస్తకాల్లో అక్షర దోషాలు దిద్దుతూ కూర్చున్నా.

ఇరవై మూడేళ్ళు పోరాడాను ఆ ఒక్క అధ్యాయం కోసం. కొత్త ప్రభుత్వం వచ్చాక అడిగితే కాగితం లేదన్నారు, తర్వాత చదివేవాళ్ళు లేరన్నారు. చివరికి ఎవరు వేశారు? మీరే. బొరాన్ రెండువందల ఏళ్ళ ఉత్సవం కమిటీ, దాని అధ్యక్షుడు తుర్సిన్‌బెక్. మీ చేతులతో మీరే వేయించి, మీ చేతులతో మీరే నా ఇంటికి పట్టుకొచ్చారు. నవ్వొస్తోంది నాకు. ఏం చెయ్యను, ఇలాంటివి నేను నవల్లో రాస్తే సంపాదకులు నమ్మరు.

సరే. ఇప్పుడు అసలు విషయం.

అది అబద్ధం బావగారూ. నేను బొరాన్ సంతానం కాదు.

కూర్చోండి. కప్పు ఒలుకుతోంది.

మూడో కొడుకే లేడు. ఎసిర్కెప్‌ని నేను పుట్టించాను. ఏ పాటలోనూ లేడు, ఏ వంశావళిలోనూ లేడు. వాడి కొడుకు తొక్తర్ లేడు, వాడి కొడుకు జుమాన్ లేడు. అంటే అలా లేరు. మరోలా ఉన్నారు, అక్కడికొస్తాను.

యాభై అయిదులో నేను కుల్పాష్‌ని అడగడానికి వెళ్ళాను. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే కుర్రాణ్ణి, అనాథాశ్రమంలో పెరిగినవాణ్ణి, ఒంటి మీద ఉన్నది స్నేహితుడి కోటు. మామగారి ఇల్లు దక్షిణాన యాపిల్ తోటల మధ్య. గది నిండా జనం. ఆమె అన్నదమ్ములు నలుగురు గోడకి ఆనుకుని ఉన్నారు, తలుపు వెనకాల ఆడవాళ్ళ గుసగుసలు. మామగారు గడ్డం నిమురుకుని ఒకటే అడిగాడు. "అబ్బాయ్, నీ ఏడుగురు తండ్రుల్ని చెప్పు."

మీకు ఆ ప్రశ్న ఎలా ఉంటుందో తెలీదు. మీకు నాలుగేళ్ళప్పుడే మీ తాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పుంటాడు. తప్పు చెబితే చెవి మెలేసి ఉంటాడు. నాకు చెవి మెలెయ్యడానికి కూడా ఎవరూ లేరండీ. తెలీదు అంటే పిల్లనివ్వరు. ఇవ్వకపోవడం అటుంచండి, ఆ గదిలో నేను మనిషినే కాదు. తెలీదంటే రేపు నా కొడుకు పొరపాటున చెల్లెలి వరస పిల్లనే చేసుకోవచ్చు. ఆ భయం నాకూ అర్థమవుతుంది, నేను వెర్రివాణ్ణి కాను.

నోరు తెరిచాను. "నాన్న జుమాన్" అన్నాను. బాగానే వచ్చింది. "తాత తొక్తర్." అదీ వచ్చింది. "ముత్తాత ఎసిర్కెప్." అక్కడ ఆగిపోయాను.

నాలుగో పేరు నాలిక చివరే ఉంది. అది చెప్పడానికి వీల్లేదు. ఎందుకు వీల్లేదో చివర్లో చెబుతాను, ఇప్పుడు అడగకండి.

గది అంతా నా నోటికేసి చూస్తోంది. కుల్పాష్ తలుపు సందులోంచి చూస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆశ్రమంలో పొయ్యిలు రాజేసే ఒంటికన్ను ముసలాయన దోంబ్రా మీటుతూ పాడే పాట. బొరాన్ వీరుడి పాట. అందులో బొరాన్ తండ్రీ తాతా ముత్తాతా వరసగా వస్తారు కదా. "వాడి తండ్రి బొరాన్" అన్నాను. అని పాటలో ఉన్న ముగ్గుర్నీ అందుకున్నాను. ఏడు పూర్తయింది.

మామగారు వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, "బొరాన్‌కి ఇద్దరే కొడుకులని విన్నానే" అన్నాడు. నేను తడుముకోకుండా "మూడోవాడు తండ్రితో గొడవపడి మంచు తుఫానులో ఇల్లు విడిచి పోయాడండి" అన్నాను. "ఎక్కడికి పోయాడు?" అన్నాడు. "ఎందుకు గొడవపడ్డాడు?" అన్నాడు పెద్ద బావమరిది. "ఏ గుర్రం మీద?" అన్నాడు చిన్న బావమరిది.

అదండీ నా నవల. ఎలా మొదలైందని వందమంది విలేకరులు అడిగారు. చరిత్ర పిలిచిందనీ, జాతి రుణమనీ ఏదేదో చెప్పాను. మా మామగారూ బావమరుదులూ అడిగిన మూడు ప్రశ్నలకి జవాబు వెతుక్కుంటూ పదహారేళ్ళు రాశాను, అంతే.

అబద్ధాన్ని కాపాడుకోవడానికి రాశాను అంటారా? మొదట్లో అవును. కాదనను. కానీ ఆ అబద్ధం కోసం నేను ఎంత నిజం మోసుకొచ్చానో మీరు చూశారు. మీ ఇంట్లోనే ఉన్నాను కదా, అరవై ఆరు ఎండాకాలం నెలా పదిరోజులు. మీ నాన్నగారు పాడుతుంటే రాసుకున్నాను. పదకొండు నోటుపుస్తకాలు. ఇవాళ మీ ఊళ్ళో బొరాన్ పాట మొత్తం పాడగలిగేవాడు ఒక్కడు లేడు. నా పుస్తకంలో తప్ప ఇంకెక్కడ ఉందది? బొరాన్ గుర్రం నల్లదా బూడిద రంగుదా అని మీ పెద్దవాళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి నా ప్రాణం తీశారు. ఆ గుర్రం రంగు కోసం నాలుగు జిల్లాలు తిరిగాను. ఉప్పు బండ్లు ఏ దారిన పోయేవి, కొలిమిలో బాణం మొన ఎన్నిసార్లు కాల్చేవాళ్ళు, కాన్పులో చనిపోయిన ఆడదాన్ని ఏ బట్టలో చుట్టేవాళ్ళు, అంతా వెతికి రాశాను. ఒక్క మనిషిని దొంగతనంగా లోపల కూర్చోబెట్టడానికి ఇల్లంతా నిజంగా కట్టాల్సొచ్చింది.

ఒక చరిత్ర ప్రొఫెసరు సభలో లేచి "ఎసిర్కెప్ అనే కొడుకు ఏ దస్తావేజులోనూ లేడు" అన్నాడు. నేను వేదిక మీంచే అడిగాను. "అయ్యా, దస్తావేజులో లేనివాళ్ళెవరూ పుట్టలేదా? అయితే ఈ హాల్లో సగం మంది ముత్తాతల్ని బయటికి పంపించండి" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆయన కూర్చున్నాడు. పాపం, ఆయన చెప్పిందే నిజం.

ఇప్పుడు చెప్పండి. బొరాన్ ఇద్దరు కొడుకులూ ఎవరికి గుర్తున్నారు? జనం ఏడ్చింది మూడోవాడి కోసం. ఎప్పుడూ ఆకలితో ఉండే చిన్నవాడు, రొట్టె ముక్క నాలిక కింద దాచుకుని కరగనిచ్చే అలవాటున్నవాడు. ఆ అలవాటు ఏ పాటలో దొరికిందని విమర్శకులు అడిగారు. ఒక ముసలమ్మ చెప్పిందన్నాను. మొదటి భాగం వచ్చిన ఏడాది ఎంతమంది తమ పిల్లలకి ఎసిర్కెప్ అని పెట్టారో తెలుసా? మీ కమిటీ బొరాన్ విగ్రహం పీఠం మీద ముగ్గురు కొడుకుల పేర్లూ చెక్కించింది. ఎవరి మాట పట్టుకుని చెక్కించారండీ? నవల పట్టుకుని. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, మీ పాత వంశావళి తీసి చూసుకోలేదు. నన్ను అబద్ధాలకోరు అనండి, పడతాను. మరి గ్రానైటు మీద చెక్కించినవాళ్ళని ఏమనాలి?

కోపం తెచ్చుకోకండి. మిమ్మల్ని అనడం లేదు. మిమ్మల్నే అంటున్నాను గానీ, ప్రేమగా అంటున్నాను.

ఏంటి ఆ చూపు? ఊఁ. అర్థమైంది. బొరాన్ సంతానం కాకపోతే మరి ఎవరి సంతానం అని. అదేగా? తండ్రులు తెలియని ఇంటి పిల్లని ఎలా చేసుకుంటాం, తీరా చూస్తే నిజంగానే మావాళ్ళే అయి ఉండొచ్చు కదా అని. పెద్దమనిషి అడగాల్సిన ప్రశ్నే. అబద్ధం చెబితే పెళ్ళి చెడుతుంది, నిజం చెబితే ఇంకా చెడుతుంది. నాలుగు రోజులుగా ఈ కుర్చీలో కూర్చుని అదే ఆలోచిస్తున్నాను, మీరు కొత్తగా కనిపెట్టిందేం కాదు.

ఎవరి సంతానమో తెలీదు. ఏ ఇల్లో, ఏ తెగో, ఏ నీళ్ళు తాగిన మనుషులో. కొంచెం కూడా తెలీదు.

కానీ ఒకటి అడుగుతాను. మీ వంశావళి అచ్చు పుస్తకం నాకూ పంపారు కదా. నలభై ఒకటో పేజీ చూశాను. మీ నాన్నగారికి ముగ్గురు కొడుకులని ఉంది. మీరు, మీ అన్న, మీ తమ్ముడు సాగత్. చదివి చాలా సంతోషించాను. ఎందుకంటే ఆ ఎండాకాలం గుర్రప్పాలు తాగి మీ గడ్డివామి మీద పడుకున్నప్పుడు మీరే చెప్పారు నాకు. ముప్ఫై మూడు చలికాలం మీ నాన్నగారు రోడ్డు మీద చచ్చిపడి ఉన్న తల్లి పక్కనుంచి ఒక పసివాణ్ణి తీసి, జీను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చారని. మీ అమ్మ మీ పాలు ఆపి వాడికి ఇచ్చిందని.

నేను ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడూ చెప్పను. మీ మీద దాన్ని కర్రలా ఎత్తడం లేదు బావగారూ. అడుగుతున్నానంతే. సాగత్ ఏడుగురు తండ్రులు ఎవరు? మీ ఏడుగురే. మీ నాన్నగారు జీను సంచిలో వేసుకున్న క్షణంలో వాడికి ఏడుగురూ ఒకేసారి దొరికారు. వాడి కూతుళ్ళకి పెళ్ళిళ్ళు చేశారు, ఎవరూ పుస్తకం పట్టుకుని రాలేదు. ఆ చలికాలం దాటాక ఈ దేశంలో అతుకు కొమ్మ లేని వంశవృక్షం ఎన్ని ఇళ్ళలో ఉంది? నన్ను సంచిలో వేసుకోవడానికి ఎవరూ రాలేదు. అందుకని నేనే ఎక్కి కూర్చున్నాను. తప్పయితే తప్పే. మళ్ళీ ఆ గదిలో నిలబెడితే మళ్ళీ అదే చెబుతాను.

నీళ్ళు తాగుతారా? సరే.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, ఇది మాత్రం నాకు గర్వంగా లేదు. మే నెలలో కమ్మలు పెట్టారు. జూన్లో అచ్చాఫీసు నుంచి ఫోను వచ్చింది, "ఆఖరి అధ్యాయం ఉంచాలా, పేజీలు ఎక్కువవుతున్నాయి" అని. అప్పటికి నాకు తెలుసు, దానియర్ కరతాయ్ సంతానమని. తీసెయ్యమంటే ఒక్క మాటతో అయిపోయేది. పిల్ల వంటింట్లో పాడుకుంటూ గిన్నెలు తుడుస్తోంది. నేను ఫోను పట్టుకుని ఆ పాట విన్నాను. విని, "ఉంచండి" అన్నాను.

ఎవడు చదువుతాడులే అనుకున్నాను. చెప్పాను కదా, నా కర్మ మీరు.

కానీ అది ఒక్కటే కాదు. చదువుతారని తెలిసినా ఉంచమనే వాణ్ణేమో. ఎందుకో చెబుతాను, దీంతో అయిపోతుంది. ఇది కుల్పాష్‌కి కూడా చెప్పలేదు. పెళ్ళైన రాత్రే అడిగింది, "నాలుగో పేరు దగ్గర ఎందుకు ఆగావు?" అని. మూడు భాగాలూ తనే టైపు చేసింది, ఒక్కో అధ్యాయానికి ఒక్కోసారి అడిగి ఉంటుంది. ఆస్పత్రిలో కూడా అడిగింది, నవ్వుతూ. నేను మాట మార్చాను. ఇప్పుడు దానికి సిగ్గుపడుతున్నాను.

ఆశ్రమంలో మాది కిటికీ పక్క వరస. నాలుగు మంచాలు. నన్ను స్టేషన్ నుంచి ఎవరో తీసుకొచ్చి అక్కడ దింపారు. నాలుగో అయిదో ఏళ్ళుంటాయి. పేరు అడిగితే చెప్పలేదట. చెప్పలేదో, మర్చిపోయానో. నాలుగో మంచం ఆ ముందురోజే ఖాళీ అయింది, అందులో పడుకోబెట్టారు. పొద్దున్న ఒకావిడ రొట్టె బుట్టతో వచ్చి జాబితాలో పేర్లు పిలిచేది. పిలిస్తే పలికినవాడికి ముక్క. కొత్తవాళ్ళ పేర్లు జాబితాలో ఎక్కడానికి వారం పట్టేది. వారం దాకా ఆగగలిగే ఒళ్ళు కాదు నాది.

పక్క మంచం వాడు నా చెవిలో చెప్పాడు. "నాలుగో పేరు పిలిచినప్పుడు ఉన్నాను అను" అని. నాకన్నా రెండేళ్ళు పెద్దవాడేమో. రొట్టె నమలొద్దు, నాలిక కింద పెట్టుకో, ఎక్కువసేపు వస్తుంది అని కూడా వాడే చెప్పాడు. వాడు ఎసిర్కెప్.

మొదటి మంచం జుమాన్. రెండోది తొక్తర్. పిల్లలు దక్కని ఇంట్లో పెడతారు కదా తొక్తర్ అని, వీడైనా ఆగాలని. ఆగలేదు వాడు. అందరికన్నా ముందు వాడే పోయాడు. తర్వాత జుమాన్. మార్చి దాకా ఎసిర్కెప్ ఉన్నాడు. పోయినవాళ్ళ పేర్లు కొట్టెయ్యడం కూడా ఆలస్యమే అయ్యేది, ఆవిడ పొద్దున్నే వచ్చి నాలుగు పేర్లూ పిలిచేది. జుమాన్. తొక్తర్. ఎసిర్కెప్. ముగ్గురికీ జవాబు లేదు. నాలుగోదానికి నేను ఉన్నాను అనేవాణ్ణి.

వాళ్ళకి పెళ్ళిళ్ళు కాలేదు, పిల్లలు లేరు, సమాధి ఎక్కడో తెలీదు. ఎవరికీ తండ్రులు కాలేదు. నాకు అయ్యారు. అందుకే వాళ్ళ పేర్లు చెప్పాను ఆ గదిలో. ఇంకెవరి పేర్లు చెప్పమంటారు? నాలిక కింద రొట్టె పెట్టుకోమని చెప్పినవాడికన్నా పెద్ద పూర్వీకుడు ఎవరికుంటాడు? ఆరేడేళ్ళు బతికిన పిల్లాడి పేరు ఇవాళ మీ ఊళ్ళో వీరుడి పక్కన గ్రానైటు మీద ఉంది. దానికోసం అబద్ధమాడాను. ఇంకో రెండొందల ఏళ్ళయినా ఆడతాను.

ఇప్పుడు మీ పని మీరు చెయ్యండి. సెరాలి బొరాన్ సంతానం కాదని మీ పెద్దల ముందు చెప్పండి. పత్రికల్లో వెయ్యమనండి, నేనే సంతకం పెడతాను. బిరుదులు వెనక్కి తీసుకోమనండి. ఆ ప్రొఫెసరు బతికుంటే ఆయన్ని పిలిచి చప్పట్లు కొట్టండి. పిల్ల చెవుల కమ్మలు మాత్రం తియ్యకండి. పీఠం మీద పేరు జోలికి పోకండి. పై జేబులో పెన్సిలు ఉందిగా, వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను. ఎవర్నైనా కొట్టెయ్యాలనిపిస్తే నన్ను కొట్టెయ్యండి.

అదీ కుదరదేమో చూసుకోండి. నాలుగో పేరు అడిగారు కదా ఇందాక కళ్ళతో. మామగారి ముందు ఎందుకు చెప్పలేకపోయానో. ఎలా చెప్పను? ఆ పేరు చెప్పే కదా ఆయన ఇంట్లోకి అడుగుపెట్టాను. వాళ్ళు తలుపు తీసినప్పుడే చెప్పాను, నా పేరు సెరాలి అని.

సెరాలి ఆ నాలుగో మంచం పిల్లాడు. నేను రావడానికి ముందురోజు పోయినవాడు. వాడి మొహం కూడా నేను చూడలేదు. వాడి రొట్టె తిని బతికాను, మూడు భాగాల అట్టల మీదా ఉన్నది వాడి పేరు. నాకు అసలు ఏ పేరు పెట్టారో, ఎవరు పెట్టారో తెలీదు. పెట్టే ఉంటారు.

అందుకని కొట్టేసేటప్పుడు చూసి కొట్టండి. అక్కడ నేను లేను.

రొట్టె పొద్దున్న చేసింది. మీవైపు పెడుతున్నాను.